కంప తీసిన చెయ్యి

‘అరచేతిలో దారి’ – తొమ్మిదో వారం

పోయిన వారం మనం ఆగింది రాహేలమ్మ పరుగు దగ్గర. కాళ్లకు చెప్పుల్లేవు, కొంగు నడుముకు చుట్టేసింది, చేత్తో ఎండిపోయిన తుమ్మకంప ఒకటి ఈడ్చుకుంటూ పుల్లయ్య ఇంటి వైపు ఒకటే పరుగు, వెనకాలే మన శివాని. అంతకుముందు ఏమైందో గబగబా చెప్పేస్తా.

శివాని తన ల్యాప్‌టాప్‌ని కర్నూల్లో ఫ్రెండ్ ఆరాధన రూంలో పడేసి, ఫోన్ ఒక్కటే జేబులో పెట్టుకుని సీమ మొత్తం తిరగాలని బయల్దేరింది కదా. ఒంటిమిట్ట చూసింది, కడప తిరిగింది, డోన్‌లో రైలు దిగి ఆరాధన వాళ్ల ఊరు గుండ్లకొట్టాలకు వచ్చింది. ఆరాధన వాళ్ల అమ్మే రాహేలమ్మ. నాన్న దాసన్న ఈస్టర్ అయిన మర్నాడే మేస్త్రీ వెంట బెంగుళూరుకి బిల్డింగు పనికి పోయాడు, ప్రతి ఆదివారం ఒక వాయిస్ మెసేజ్ పెడతాడు, అంతే. మొన్న తొలకరి పడింది. రాహేలమ్మ ఒక్కతే మనుషుల్ని పెట్టుకుని తన మూడెకరాల ఎర్రనేలలో శనక్కాయ విత్తింది. ఈ చుట్టుపక్కల తొలకరికి చేలల్లో వజ్రాలు తేలతాయని ఎక్కడెక్కడి జనమో వస్తారని మీకు చెప్పాను కదా. సాయంత్రం శివాని ఆ చేను దగ్గర నిలబడి ఒక చిన్న వీడియో తీసింది, ఇంటికి నడుస్తూ నడుస్తూనే కట్ చేసింది, పెట్టేసింది. తెల్లారేసరికి ఆటోలు, బైకులు, బళ్లారి నుంచి ఒక వ్యాను! విత్తిన చేను మీద జనం పుల్లలతో గుచ్చుతూ, తవ్వుతూ. శివాని గబగబా ఆ వీడియో డిలీట్ చేసేసింది గానీ అప్పటికే అది ఎన్ని ఫోన్లలోకి పోయిందో.

ఎండెక్కాక జనం పలచబడ్డారు. అప్పుడు కనపడింది రాహేలమ్మకి, చేను బాటకి అడ్డంగా తను పెట్టిన కంప ఎవరో లాగి పక్కన పారేశారని.

ఇది ఎంత పెద్ద విషయమో ఆ ఊళ్లో పుట్టనివాళ్లకి అర్థం కాదు. విత్తక ముందు అక్కడ ఎవరి చేన్లో ఎవరైనా తిరగొచ్చు, రాళ్లు వెతుక్కోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. విత్తనం పడిన రోజు మాత్రం రైతు బాట నోట్లో ఒక తుమ్మకంప అడ్డం పెడతాడు. బోర్డు ఉండదు, కంచె ఉండదు, ఆ ఒక్క కంపే. దాన్ని దాటి మేక కూడా పోదంటారు. వేరేవాళ్ల కంప తీయడం అంటే వేరేవాళ్ల ఇంటి తలుపు గొళ్లెం తీయడమే.

"పుల్లన్నా! బయటికి రాప్పా!"

పుల్లయ్య సంగటి చేత్తోనే బయటికి వచ్చాడు. పక్కచేను ఆయనదే. పొడుగ్గా ఎండిన మనిషి, చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. ఆయన భార్య గురమ్మ అరుగు మీద కాళ్లు చాపుకుని చాటలో విత్తనం కాయలు ఒలుస్తోంది.

"ఏమ్మే రాహేలమ్మా, ఇంత ఎండలో ఏమొచ్చింది నీకు?"

రాహేలమ్మ కంపని ఆయన కాళ్ల ముందర పడేసింది.

"ఇది గుర్తుండాదా?"

"తుమ్మకంప. గుర్తేముంటాది దానికి, మా అత్తగారు పెట్టిన ఉంగరమా?"

"మా అమ్మ నీకు ఉంగరం పెట్టింది గాకుండా దెప్పేది గూడానా?" అని గురమ్మ నవ్వబోయింది గానీ, రాహేలమ్మ మొహం చూసి ఆపేసింది.

"నా చేను నోట్లో పెట్టిన కంప. పీకి పారేసినారు. నీ ట్రాక్టరుకు అడ్డమొస్తాదని మొన్న గొణిగింది నువ్వే గదా?"

అంతే. పుల్లయ్య మొహంలో రంగు మారిపోయింది. తెలుపు కాదు, ఎరుపు కాదు, అదేదో బూడిద రంగు. చేతికంటిన సంగటి పంచెకు తుడిచేసుకున్నాడు, అది కూడా చూసుకోలేదు.

"నేను? నేను నీ కంప పీకినానా?"

"ఇంకెవురు? బయటోళ్లయితే కంప చూసి ఎనక్కి పోయేటోళ్లు. పోనీ, దాటుకోని పోయింటారు. ఇది దాటింది గాదన్నా, బాట తెరిచి పెట్టింది. రాండి రాండి అని."

"మా నాయన కాలం నుంచి నీ గట్టు పక్కన నా గట్టు. నా ఎద్దు నీ చేన్లో మేసింటే తిట్టినావు, పడినా. నీ మేక నా చేన్లో పడితే నేను తిట్టినా, పడినావు. దొంగ అను, తాగుబోతు అను, పడ్తా. కంప పీకినోడు అంటే నేను పడను మే!"

"పడకపోతే చెప్పు, ఎవురు పీకినారు?"

పుల్లయ్య ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం చూస్తేనే శివానికి భయం వేసింది, ఎందుకంటే కోపంలో అరిచేవాళ్లు ఆగితే తర్వాత వచ్చే మాట అరుపు కాదు.

"సరే. నేనే పీకినా అనుకో. కంప పీకినోని నీళ్లు నీకెందుకు? ఈ పొద్దు నుంచి నా మోటరు నీళ్లు నీ చేన్లోకి రావు. నా వామి కాడికి ఫోను పట్టుకోని వచ్చేది గూడా వద్దు."

గురమ్మ చాట పక్కన పెట్టేసింది. "అబ్బా, నీళ్ల మాట ఎందుకెత్తుతావయ్యా, ఊరికే అనాల్సింది అనల్ల గానీ..."

మీకు అర్థమైందా ఆయన ఏం తీసేసుకున్నాడో? తొలకరి పడ్డాక మళ్లీ వాన ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి. పోయిన ఏడు మధ్యలో వాన మొహం చాటేస్తే పుల్లయ్య బోరు నుంచి పెట్టిన రెండు తడులే రాహేలమ్మ పంటని బతికించాయి. ఇంక ఫోను మాట. గుండ్లకొట్టాలలో సిగ్నల్ వచ్చేది రెండే చోట్ల. ఒకటి పుల్లయ్య పెరట్లో గడ్డివామి పక్కన. రెండోది ఊరి వెనకాల గుట్ట మీద, సిలువ నాటిన చోట, అక్కడికి ఎక్కడం అంటే మోకాళ్లు అరిగిపోతాయి. ఆదివారం చర్చి అయ్యాక రాహేలమ్మ ఆ వామికి వీపు ఆనించి కూర్చుని, పగిలిన అద్దం ఉన్న తన ఫోన్‌ని చెవికి పెట్టుకుని దాసన్న గొంతు వింటుంది. ఒకసారి కాదు, నాలుగైదు సార్లు. నీళ్లూ పోయాయి, ఆ గొంతూ పోయింది, ఒక్క మాటలో!

రాహేలమ్మ వెళ్లిపోవడానికి వెనక్కి తిరిగింది. అడగలేదు. బతిమాలలేదు.

శివాని ఇద్దరి మధ్యలో దూరిపోయింది.

"పెద్దమ్మా ఆగండి! పెద్దనాయనా, ప్లీజ్ ఆగండి! నా ఫోన్లో ఉంటుంది. నేను పెట్టిన వీడియో చిన్నది గానీ, తీసింది చాలాసేపు తీశాను. బాట పక్కనే నిలబడ్డా కదా, అప్పుడు కంప ఉందో లేదో, ఎవరైనా వచ్చారో, అన్నీ పడి ఉంటాయి."

పుల్లయ్య ఆ ఫోన్ వైపు, కోర్టు వైపు చూసినట్టు చూశాడు.

"ఆ బిళ్లలో నేను ల్యానని తేల్తాదా?"

"తేలుతుంది."

"అయితే తియ్యి పాపా. ఇప్పుడే తియ్యి. నేను ఈడనే నిలబడ్తా."

ఎండ! జూన్ ఎండ వాన పడ్డాక ఇంకా మండుతుంది, తెలుసు కదా. స్క్రీన్ మీద తన మొహం తప్ప ఏమీ కనపడట్లేదు. శివాని అరుగు మూలకి పోయి గోడ వైపు తిరిగి కూర్చుని చున్నీ తల మీదుగా లాక్కుంది.

"పెండ్లికూతురు మాదిరి ముసుగేసుకుండాది సూడు," అంది గురమ్మ, వాతావరణం కొంచెం చల్లబడుతుందేమో అని. ఎవరూ నవ్వలేదు.

చున్నీ లోపల ఆకుపచ్చ వెలుగు. శివాని వేలితో జరిపింది. ఉగ్గాని ప్లేటు, డోన్ స్టేషన్, బస్సు కిటికీ, మేక, మేక, ఇంకో మేక. ఇదిగో. కట్ చేయని వీడియో. సౌండ్ తగ్గించి ఆన్ చేసింది.

మొదట ఏమీ లేదు. కెమెరా ఆన్ చేసి ఫోన్ కిందికి పట్టుకుని నడుస్తున్నట్టుంది, ఎర్రమట్టి, తన చెప్పులు, మళ్లీ మట్టి. తర్వాత ముళ్లు. ముళ్ల మీదికి ఒక చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి కంపని ఒక చివర, ముళ్లు లేని చోట, జాగ్రత్తగా పట్టుకుంది. లాగింది. పక్కకి. ఇంకొంచెం పక్కకి.

ఆ చేతి మణికట్టుకి ఒంటిమిట్టలో కట్టించుకున్న ఎర్రదారం.

శివాని తన మణికట్టు చూసుకుంది. దారం అక్కడే ఉంది, చివర్లు కొంచెం నలిగాయి.

నిజంగా గుర్తు లేదు! ఒట్టు. ఫొటో తీసేటప్పుడు టేబుల్ మీది గ్లాసు పక్కకి జరుపుతాం, గుర్తుంటుందా? అలాగే. ఫ్రేమ్‌లో అడ్డం వచ్చింది, జరిపింది, వెనకాల సూర్యుడు దిగుతున్నాడు, ఆ రెండు నిమిషాలు దాటితే ఆ వెలుగు రాదు, అంతే అనుకుంది. తిరిగి వచ్చేటప్పుడు దాన్ని చూడను కూడా చూడలేదు, ఎందుకంటే అప్పటికే తల వంచుకుని రెండు బొటనవేళ్లతో కట్ చేసేస్తోంది. వామి దగ్గరికి చేరేసరికి వీడియో రెడీ. గర్వపడింది కూడా! ల్యాప్‌టాప్ ఉన్న రోజుల్లో పగలంతా తీసేది, రాత్రి లాడ్జిలో ఎక్కించేది, పెద్ద స్క్రీన్ మీద మొదటి నుంచి చివరి దాకా చూసేది, పొద్దున లేచి ఇంకోసారి చూసి అప్పుడు పెట్టేది. ఎంత టైం వేస్ట్ అని నవ్వుకునేది. ఆ వేస్ట్ టైంలోనే ఈ చెయ్యి కనపడి ఉండేది. ఆరాధనకి ఫోన్ చేసి, మీ చేను బాటలో ముళ్లెందుకు పెట్టారే అని అడిగి ఉండేది.

"కనపడిందా పాపా?" బయట నుంచి పుల్లయ్య.

"వస్తున్నా... ఒక్క నిమిషం."

బొటనవేలు తనంతట తనే వీడియో అంచు మీదికి పోయింది. అలవాటు మరి. అంచు పట్టుకుని ఒక్క జరుపు జరిపితే చాలు, ఆ చెయ్యి ఉండదు. వీడియో తన నవ్వు మొహంతో మొదలవుతుంది, బాట అప్పటికే తెరిచి ఉంటుంది. ఎవరో తీసేశారు, నేను వచ్చేసరికే లేదు అంటే అయిపోతుంది. ఎవరికీ ఏమీ కాదు.

పుల్లయ్యకి అవుతుంది. "నేను వచ్చేసరికే లేదు" అంటే ఇంక ఆ ఊళ్లో కంప పీకినోడు ఆయనే, ఎప్పటికీ. రాహేలమ్మకి నీళ్లు ఉండవు. వామి దగ్గర చోటు ఉండదు.

శివాని బొటనవేలు తీసేసింది. సౌండ్ పూర్తిగా పెంచింది. చున్నీ ఎత్తి పట్టుకుంది.

"పెద్దమ్మా, పెద్దనాయనా, ఇలా రండి. గురమ్మ పెద్దమ్మా, మీరు కూడా. ఎండలో కనపడదు, లోపలికి రండి."

ఒక్క చున్నీ కింద నాలుగు తలలు! గురమ్మ తలకి రాసుకున్న ఆముదం వాసన, పుల్లయ్య దగ్గర బీడీ వాసన, రాహేలమ్మ ఊపిరి ఇంకా పరుగెత్తినట్టే ఉంది. శివాని వీడియో మొదటి నుంచి పెట్టింది. మట్టి. చెప్పులు. ముళ్లు. చెయ్యి. ఆ చిన్న ఫోన్లోంచి తన గొంతే, హుషారుగా, సిటీగా: "అబ్బా, ఈ ముళ్లొకటి ఫ్రేమ్‌లోకి!"

తర్వాత కంప నేల మీద ఈడ్చుకుపోయిన చప్పుడు.

గురమ్మ చూపు స్క్రీన్ మీది దారం నుంచి మెల్లగా శివాని మణికట్టు మీదికి వచ్చింది.

"నాదే," అంది శివాని. "ఆ చెయ్యి నాదే. కంప అంటే ఏంటో నాకు తెలీదు పెద్దమ్మా. తెలీనప్పుడు అడగాలని కూడా నిన్న అనుకోలేదు నేను. పెద్దనాయన తీయలేదు. నేనే తీశా, నేనే జనాన్ని పిలిచా, రెండూ నేనే."

రాహేలమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. తిప్పి అరచెయ్యి చూసింది. బొటనవేలి కింద సన్నగా ఎర్రటి గీత.

"ముల్లు గుచ్చుకోల్యా పాపా?"

అప్పుడు ఏడుపు వచ్చేసింది శివానికి. తిడితే తట్టుకునేదే. ఇది తట్టుకోలేకపోయింది.

"ఆ పాపకు తెలీదు," పుల్లయ్య చున్నీ లోంచి బయటికి వచ్చి నిలబడ్డాడు. ఇప్పుడు అరవట్లేదు. "నీకు తెల్సు గదా రాహేలమ్మా. నన్ను ఇన్నేండ్ల నుంచి ఎరుగుదువు. నేను పీకినానని నీ నోటికెట్లొచ్చింది?"

రాహేలమ్మ కొంగు విప్పుకుని మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"మా ఆయప్ప ఊర్లో ల్యా అన్నా. ఒక్కదాన్నే నిలబడి విత్తించినా. తెల్లారి చూస్తే చేన్లో యాడ చూసినా మనుషులే. ఎవురి మీదో ఒకరి మీద అరవల్ల గదా, ల్యాకుంటే గుండె పగుల్తాది. వాళ్ల మీద అరిచినా, నవ్విరి. నా మాట ఎవురింటారు? నువ్వు ఇంటావని నీ మీదికి వచ్చినా."

పుల్లయ్య కండువా తీసి దులిపి మళ్లీ భుజాన వేసుకున్నాడు.

"బాగుండాదే నీ లెక్క," అన్నాడు. "ఇనేటోడు దొరికితే వాని నెత్తిన బండ ఏసేది."

"బండేసేటందుకు గూడా సొంతమనిషి కావల్ల గదయ్యా," అంది గురమ్మ. "ఇంగ చాలించండి. ముందు చేన్లో ఏముండాదో ఏం ల్యాదో చూడకుండా ఈడ పంచాయితీ ఎవురి కోసం?"

రాహేలమ్మ కంపని మళ్లీ ఈడ్చుకుంటూ, నలుగురూ చేన్లోకి పోయారు. చూస్తే ఏడుపొచ్చేలా ఉంది. బీడీ ముక్కలు, చిప్స్ ప్యాకెట్లు, సాళ్లకి అడ్డంగా గుంటలు గుంటలు. పుల్లయ్య గొంతుక్కూర్చుని వేలు మట్టిలోకి దించాడు. ఒక చోట కాదు, చేను పొడుగునా అక్కడక్కడ అలాగే చూసుకుంటూ పోయాడు. రాహేలమ్మ ఆయన వేలినే చూస్తూ వెనకాల నడిచింది, డాక్టరు వెనకాల నడిచినట్టు.

"తొక్కిన కాడ ఏం కాల్యా. కింద విత్తనం బాగనే ఉండాది, తడి పదునూ ఉండాది. తవ్విన కాడ మళ్లా ఎయ్యల్ల. ఈ పొద్దు, రేపు లోపల. ఆరిపోతే లేదు."

"విత్తనం యాడిది అన్నా? ఉన్నదంతా ఏసేస్తి."

"చాటలో నేను ఒలుస్తాండేది ఏంది, నీ కంటికి గులకరాళ్లా?" అంది గురమ్మ. "మాకు పోను మిగుల్తాయిలే. సాయంత్రం కొలుచుకోని పో, వచ్చే ఏడు తిరిగియ్యి."

పుల్లయ్య శివాని వైపు తిరిగాడు. "నీకూ ఒక పని ఉండాది పాపా. ఎంతమందిని పిల్చినావో అంతమందికీ చెప్పు. రేపు మళ్లా వస్తే మళ్లా ఏసింది గూడా పోతాది."

శివాని అప్పటికే ఫోన్ తీసేసింది. ఈసారి కట్ చేయదలుచుకోలేదు. కంపని తిరిగి బాట నోట్లో పెట్టించి, తనే ఒక చివర పట్టుకుని, ఫోన్ గురమ్మ చేతికిచ్చింది.

"ఇది యాడ పట్టుకునేది?"

"అలాగే పట్టుకోండి పెద్దమ్మా, నా వైపు."

"నా మొగం గూడా రానీ," పుల్లయ్య పక్కకి వచ్చి కండువా సరిచేసుకున్నాడు. "పీకినోడు నేను గాదని అందరికీ తెలియల్ల."

శివాని చెప్పింది. నిన్న నా మాట విని వచ్చినవాళ్లకి చెబుతున్నా, ఈ చేను విత్తారు. ఈ కంప అడ్డంగా ఉంటే లోపల విత్తనం ఉందని అర్థం. నిన్న దీన్ని తీసింది నేను, ఇదిగో ఈ చెయ్యి. దయచేసి రావద్దు. ఎక్కడ కంప కనపడినా వెనక్కి పోండి. అంతే. మధ్యలో రెండుసార్లు తడబడింది, ఒకసారి ముక్కు ఎగబీల్చింది, అలాగే ఉంచేసింది.

"కరెంటొచ్చింది!" అని ఊళ్లోంచి ఎవరో కేకేశారు. పుల్లయ్య మోటరు షెడ్డు వైపు పెద్ద పెద్ద అంగలతో నడిచాడు.

"యాడికన్నా?" రాహేలమ్మ.

"గుంటల్లో విత్తనం ఏస్తే తడి తగలద్దా? కోపంలో అన్న మాట పట్టుకోని కూచుంటావా నువ్వు!"

ఒక్క నిమిషం. తర్వాత మొదలైంది ఆ చప్పుడు. ఊళ్లో అందరివీ భూమి లోపల దిగిపోయిన కొత్త మోటర్లు, అవి నడుస్తున్నా తెలీదు. పుల్లయ్యది ఒక్కటే ఆ పాత కంప్రెసరు, మార్చమంటే మార్చడు. డబ్ డబ్ డబ్ అని మూడు కొట్టి, ఒకటి మింగేసి, ఫుస్సుమని ఆవులిస్తుంది. మళ్లీ మూడు కొట్టి, ఒకటి మింగి. శివానికి వచ్చిన రోజే ఆ చప్పుడు తెగ నచ్చేసి రికార్డు కూడా చేసుకుంది. రాహేలమ్మ కాలవ దగ్గర నిలబడింది. పైపు రెండుసార్లు దగ్గి ఎర్రటి నీళ్లు కక్కింది, తర్వాత తెల్లటివి. ఆమె వంగి దోసిట్లో పట్టుకుని మొహం మీద చల్లుకుంది.

నీళ్లు చేన్లోకి మళ్లాక ఆడవాళ్లు ముగ్గురూ గడ్డివామి దగ్గరికి వచ్చారు, వీడియో పంపాలి కదా. సిగ్నల్ ఒక గీత వచ్చింది, పోయింది, రెండు వచ్చాయి. శివాని చెయ్యి పైకెత్తి పట్టుకుంది. స్క్రీన్ మీద చక్రం తిరిగి తిరిగి, వీడియో వెళ్లిపోయింది! హమ్మయ్య.

అది వెళ్లగానే పొద్దుటి నుంచి ఆగినవన్నీ టపటపా వచ్చి పడ్డాయి. అందులో ఒకటి, ఎవరో తెలియనివాడు తనని ట్యాగ్ చేసిన వీడియో. పొద్దున తీసింది, ఇంకా సరిగ్గా తెల్లారలేదు. కింద నవ్వు బొమ్మలు పెట్టి రాశాడు: "వజ్రాలన్నీ ఈయనొక్కడికే కావాలంట."

వీడియోలో రాహేలమ్మ చేను బాట. జనం. ఆ బాట నోట్లో ఒక మనిషి, మొహానికి తువ్వాల చుట్టుకుని, కంపని ఈడ్చుకొచ్చి అడ్డం పెడుతున్నాడు. ఎవరో కాలితో తన్నేశారు. మళ్లీ పెట్టాడు. రెండు చేతులూ బార్లా చాపి నిలబడ్డాడు. నవ్వుకుంటూ పక్కల నుంచి దూరి పోతున్నారు. ఎవరో తోశారు, ముళ్ల మీదే పడ్డాడు, లేచాడు, మళ్లీ ఆ కంపే పట్టుకున్నాడు.

"పెద్దమ్మా చూడండి! మనం పోకముందే మీ చేనుకి ఎవరో కాపలా కాశారు! ఒక్కరే! ఎవరీయన, మీ ఊరాయనేనా?"

"మన ఊర్లో అంత ధర్మాత్ముడు ఎవుడుండాడబ్బా, నాకు తెలీకుండా?" గురమ్మ కళ్లు చిన్నవి చేసింది.

రాహేలమ్మ దగ్గరికి వచ్చింది. ఇంకా దగ్గరికి.

"ఆ మోచెయ్యి కాడ పెద్దది చెయ్యి పాపా."

శివాని రెండు వేళ్లతో సాగదీసింది. గళ్ల చొక్కా. మోచేతి దగ్గర చిరుగు, దాని మీద వేరే గుడ్డ అతుకు, పసుప్పచ్చ మీద చిన్న చిన్న ఎర్రపూలు.

"అది నా రవిక గుడ్డ," అంది రాహేలమ్మ. "ఈస్టరుకు ముందర నేనే కుట్టినా."

గురమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "దాసన్న బెంగుళూరులో గదా మే ఉండేది?"

అప్పుడే రాహేలమ్మ నడుము దగ్గర ఆ పగిలిన ఫోన్ టింగుమంది. ఈరోజు ఆదివారం కాదు. ఆమె తీసి చూసింది, అద్దం మీద రెండుసార్లు నొక్కాల్సి వచ్చింది. దాసన్న గొంతు, కొంచెం ఆయాసంగా.

"రాహేలా, నేనే. ఈడ బెంగుళూరులో అంతా బాగుండాది. స్లాబు పని జరుగుతాండాది, మిషన్ల సద్దు, ఇనపడ్తాదో లేదో. నువ్వు దిగులు పెట్టుకోవద్దు మే. కింద విత్తనం బాగనే ఉంటాది. కంప మాత్రం మళ్లా గట్టిగా పెట్టుకో."

మాట అయిపోయింది గానీ మెసేజ్ ఇంకా ఉంది, ఆయన నొక్కిన వేలు తీయడం మర్చిపోయినట్టున్నాడు. గాలి చప్పుడు. ఆ గాలి వెనకాల, దూరంగా, డబ్ డబ్ డబ్ అని మూడు కొట్టి, ఒకటి మింగి, ఫుస్సుమని.

ఫోన్లో ఆగింది. షెడ్డులో ఆగలేదు.

సిగ్నల్ వచ్చేది రెండే చోట్ల అని చెప్పాను కదా. శివాని గబుక్కున తల తిప్పబోయింది. రాహేలమ్మ చెయ్యి ఆ అమ్మాయి గడ్డం పట్టుకుని ఆపేసింది.

"గుట్ట దిక్కు చూడొద్దు పాపా," అంది, పెదాలు కూడా సరిగ్గా కదపకుండా. "మనం చూసినామని తెలిస్తే, మళ్లా పోతాడు."